మందు మారలేదు, దాన్ని దాచుకునే కణాలు తగ్గాయి

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్ళు. 7 ఏళ్ళ కిందట పార్కిన్సన్స్ అని తేలింది. మొదట్లో రోజుకు మూడు మాత్రలు వేసుకుని మామూలుగా తిరిగేవారు. ఇప్పుడు మాత్ర వేసుకున్న రెండు మూడు గంటలకే కాళ్ళు నేలకు అతుక్కున్నట్టు నిలబడిపోతున్నారు. మందు పనిచేయడం మానేసిందని ఒక్కోసారి ఆయనే వేసుకోవడం లేదు. ఒక క్లినిక్ వాళ్ళు ఒంట్లోంచే మూలకణాలు, అంటే స్టెమ్‌సెల్స్ తీసి, సెలైన్‌లా నరంలోకి ఎక్కిస్తే జబ్బు వెనక్కి పోతుందంటున్నారు. దాచుకున్నదంతా ఊడ్చి పెట్టినా ఆ ఖర్చుకు చాలదు. ఏమైనా సరే వెళ్దామని అమ్మ పట్టు పట్టింది. తమ్ముడేమో, "రెండు వందల ఏళ్ళుగా పరిశోధనలు చేస్తూనే ఉన్నారు, నయం చేసే మందు ఒక్కటీ లేదు, ఇక ఎవర్ని నమ్మితే ఏం" అంటున్నాడు. నాకు ఏం చెయ్యాలో పాలుపోవడం లేదు. ఈ జబ్బు రేపు మాకూ వస్తుందా? – పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: అమ్మా, అన్నిటికన్నా ముందు ఒక మాట. నాన్నగారిని తనంతట తాను మాత్ర మానెయ్యనివ్వకండి. పార్కిన్సన్స్ మందు ఉన్నట్టుండి ఆపేస్తే ఒళ్ళు కట్టెలా బిగుసుకుపోవచ్చు, విపరీతమైన జ్వరం రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. పెంచడమైనా తగ్గించడమైనా ఆయన్ని చూసే న్యూరాలజిస్ట్ చెప్పాలి. నేను వైద్యుణ్ణి కాను, నాడీకణాల మీద ప్రయోగశాలలో పనిచేసినవాణ్ణి. కాబట్టి మోతాదుల జోలికి పోను. ఆ కణం ఎలా బతుకుతుందో, ఎందుకు చచ్చిపోతుందో మాత్రం చెప్పగలను. అది అర్థమైతే మాత్ర సంగతి, క్లినిక్ సంగతి, మీ తమ్ముడి నిరాశ సంగతి, మూడూ వాటంతటవే తేలతాయి.

మెదడు అడుగున, మెడ వైపుకు దిగే కాండంలో, నల్లటి చార ఒకటి ఉంటుంది. సబ్‌స్టాన్షియా నైగ్రా అంటారు. మన మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలుంటే, ఈ చారలో, కదలికలకు కావలసిన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసేవి రెండు వైపులా కలిపి కొన్ని లక్షలు మాత్రమే. పార్కిన్సన్స్‌లో ముఖ్యంగా చచ్చిపోయేవి ఇవే. ఇన్ని వేల కోట్ల కణాలుండగా వీటికే ఎందుకు ఈ గతి అన్న ప్రశ్న నన్ను ఎన్నో ఏళ్ళు వదల్లేదు.

సాధారణంగా నాడీకణం చేసే పని ఇది. దాని పొర లోపలికీ బయటికీ మధ్య, లోపలి వైపు రుణంగా, సుమారు 70 మిల్లీవోల్టుల తేడా ఉంటుంది. పొరలో సన్నని ద్వారాలుంటాయి. అవి తెరుచుకుని సోడియం అయాన్లు లోపలికి దూకితే విద్యుత్ అల ఒకటి పుట్టి, కణం నుంచి సాగే తీగ పొడవునా పరుగెడుతుంది. తీగ చివర రసాయనం చిమ్ముతుంది, పక్క కణం దాన్ని అందుకుంటుంది. ఆ తర్వాత లోపలికొచ్చిన సోడియాన్ని బయటికి తోడెయ్యాలి. ఆ తోడే పనికే బోలెడు శక్తి కావాలి. శరీరం బరువులో 2 శాతమే ఉన్న మెదడు మన శక్తిలో 20 శాతం దాకా తినేసేది ఇలాంటి ఖర్చుల వల్లే.

డోపమైన్ కణానికి ఈ ఖర్చు మామూలుగా ఉండదు. కణాన్ని తాకేటంత సన్నని గాజు గొట్టం ఆనించి తెర మీద చూస్తే, ఎవరూ ఏ సంకేతమూ పంపకపోయినా, అది సెకనుకు రెండు మూడు సార్లు తనంతట తానే కొట్టుకుంటూ కనిపిస్తుంది, గుండె కొట్టుకున్నట్టే. చుట్టూ ఉన్న కణాలతో సంబంధాలన్నీ మందులు పోసి తెంపేసినా ఆగదు. కొట్టుకున్న ప్రతిసారీ కాల్షియం లోపలికి వస్తుంది, దాన్నీ బయటికి పంపాలి. పైగా దాని తీగ చెట్టులా కొమ్మలు వేస్తుంది. మనిషి మెదడులో ఒక్కో కణం కొమ్మలన్నీ కలిపితే 4 మీటర్లకు పైగా ఉంటాయనీ, ఒక్కో కణానికి వేరే కణాలను కలిసే సంధులు 10 లక్షలకు మించి ఉంటాయనీ అంచనా. కంటికి కనిపించని ఆ ఒక్క కణం రాత్రింబవళ్ళు, 60, 70 ఏళ్ళు, ఇంత సంసారాన్ని పోషించాలి. దానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలు ఏ కాస్త డీలాపడినా ముందుగా కుప్పకూలేది ఇదే.

ఇది ఊహ మాత్రమే కాదు. 1982లో కాలిఫోర్నియాలో కొందరు యువకులు రహస్యంగా తయారైన మత్తుమందు ఎక్కించుకుని, కొద్ది రోజుల్లోనే ముదిరిన పార్కిన్సన్స్ రోగుల్లా కదలలేక ఆసుపత్రులకు వచ్చారు. విలియం లాంగ్‌స్టన్ అనే న్యూరాలజిస్ట్, ఆయనతో పనిచేసినవాళ్ళు కూపీ లాగితే, ఆ మందులో ఎంపీటీపీ అనే కల్తీ దొరికింది. మెదడులో అది మారి పుట్టిన విషం డోపమైన్ కణాల్లోకే చేరి, వాటి మైటోకాండ్రియాలను ఆపేస్తుందని తర్వాత బయటపడింది. ఆ యువకుల దురదృష్టం వల్ల ఈ కణాల బలహీనత ఎక్కడుందో ప్రపంచానికి తెలిసింది.

ఇంకో ఆధారం ప్రొటీన్ల వైపు నుంచి వచ్చింది. పార్కిన్సన్స్ రోగుల మెదడు కణాల్లో గుండ్రటి ముద్దలుంటాయని ఫ్రెడరిక్ లెవీ 1912లోనే వర్ణించాడు. అవి దేంతో తయారయ్యాయో తెలియడానికి 85 ఏళ్ళు పట్టింది. 1997లో, వంశపారంపర్యంగా జబ్బు వస్తున్న కొన్ని కుటుంబాల్లో ఆల్ఫా సైన్యూక్లీన్ అనే ప్రొటీన్ జన్యువులో మార్పు దొరికింది. అదే ఏడాది, ఆ ముద్దల్లో ఉన్నదీ ఆ ప్రొటీనే అని మరో బృందం చూపించింది. మామూలుగా తీగ చివర రసాయనం చిమ్మడంలో సాయపడే ప్రొటీన్, మడతలు తప్పి గడ్డకడుతుంది. ఆ గడ్డకట్టడమే కణాన్ని చంపుతోందా, చచ్చేముందు కనిపించే గుర్తా అన్న దాని మీద ఇప్పటికీ వాదాలు నడుస్తున్నాయి.

ఇక నాన్నగారి మాత్ర. దానిలో ఉన్నది లెవోడోపా. డోపమైన్‌నే నేరుగా ఇస్తే రక్తం నుంచి మెదడులోకి దాటలేదు, లెవోడోపా దాటుతుంది. మెదడులో మిగిలి ఉన్న డోపమైన్ కణాల కొసలు దాన్ని అందుకుని, డోపమైన్‌గా మార్చి, చిన్న చిన్న సంచుల్లో దాచుకుని, కావలసినప్పుడు కొంచెం కొంచెంగా వదులుతాయి. మాత్రలో కలిపే కార్బిడోపా వంటిది ఆ మార్పు దారిలోనే, మెదడు బయటే, జరిగిపోకుండా కాపలా కాస్తుంది. ఆ తోడు లేకపోతే వాంతులు, వికారం ఎక్కువ, మెదడుకు చేరేది తక్కువ.

రక్తంలో లెవోడోపా ప్రతి గంటన్నరకూ సగానికి పడిపోతుంది. అయినా మొదటి ఏళ్ళలో రోజుకు మూడు మాత్రలే సరిపోయాయంటే కారణం ఆ దాచుకోవడమే. ఇంటి మీద నీళ్ళ ట్యాంకు ఉన్నన్నాళ్ళూ మోటారు ఎప్పుడు వేశారన్నది ఎవరికీ పట్టదు, కుళాయి తిప్పితే నీళ్ళు వస్తాయి. ట్యాంకు చిల్లులు పడ్డాక మోటారు ఆడుతున్నంతసేపే నీళ్ళు. నాన్నగారికి ఇప్పుడు జరుగుతున్నది అదే. మందు సత్తా తగ్గలేదు, ఆయన ఒళ్ళు దానికి అలవాటుపడిపోయి మొండికెయ్యనూ లేదు. దాన్ని దాచుకునే కొసలు తగ్గాయి. అందుకే మాత్ర దిగిపోగానే కాళ్ళు ఆగిపోతున్నాయి. డాక్టర్లు దీన్ని ఆఫ్ టైమ్ అంటారు.

దీనికి దారులున్నాయి. మోతాదును చిన్న చిన్న భాగాలుగా, దగ్గర దగ్గరగా ఇస్తారు. ఉన్న డోపమైన్ తొందరగా విరిగిపోకుండా ఆపే మందులు తోడు వేస్తారు. మెల్లగా కరిగే రకాలున్నాయి. ఇవేవీ చాలనప్పుడు, లెవోడోపాకు ఒళ్ళు బాగా స్పందించేవాళ్ళలో, మెదడు లోతుకు ఎలక్ట్రోడ్లు దించి కరెంటు ఇచ్చే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ ఉంది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో అలిమ్ లూయీ బెనబిడ్ బృందం 1987 నుంచి దాన్ని రూపుదిద్దింది. అది జబ్బును ఆపదు, కానీ ఆఫ్ గంటల్ని బాగా తగ్గించగలదు. మీ నాన్నగారికి పనికొస్తుందా అని డాక్టర్ని అడగడంలో తప్పు లేదు, మీరు అడిగి తీరాలి.

ఇంట్లో మీరే చూసుకోగలిగింది ఒకటుంది. లెవోడోపా అమైనో ఆమ్లాల జాతిది. పేగుల్లోనూ, మెదడు గుమ్మం దగ్గరా, తిండిలోని మాంసకృత్తులు విరిగి వచ్చే అమైనో ఆమ్లాలు కూడా అదే దారిలో వెళ్తాయి. మాత్రను మాంసకృత్తులు బాగా ఉన్న భోజనంతో కలిపి వేసుకుంటే దారి ఇరుకై మందు ఆలస్యంగా, తక్కువగా చేరుతుంది. కొందరికి తిండికి అరగంటో గంటో ముందు వేసుకోవడమొక్కటే పెద్ద మార్పు తెస్తుంది. ఐరన్ మాత్రలు కూడా దీని పక్కన వద్దు. మాంసకృత్తులు మాత్రం మాన్పించకండి, ఈ జబ్బులో బరువు తగ్గడం మంచిది కాదు. ఎప్పుడు తింటున్నారన్నదే చూసుకోండి. ఇంకొకటి, వాంతులకో నిద్రకో వేరే డాక్టరు దగ్గరికెళ్తే పార్కిన్సన్స్ ఉందని ముందే చెప్పండి. మెటోక్లోప్రమైడ్, హాలోపెరిడాల్ లాంటి మందులు మెదడులో డోపమైన్ పనినే అడ్డుకుంటాయి. ఆ ఒక్క చీటీ వల్ల నెలల తరబడి కుదురుకున్న నడక నాలుగు రోజుల్లో చెడిపోవచ్చు.

ఇప్పుడు క్లినిక్ గురించి. నా సమాధానం సూటిగా చెబుతున్నాను. వెళ్ళకండి.

ఎందుకంటే, స్టెమ్‌సెల్ అన్నది ఒక్కటే పదార్థం కాదు. కొవ్వులోంచో ఎముక మజ్జలోంచో తీసి నరంలోకి ఎక్కించే కణాలు డోపమైన్ కణాలుగా మారవు. చాలావరకు ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాల్లోనే చిక్కుకుపోతాయి. మెదడు అడుగున చచ్చిపోయిన కణాల చోటుకు వెళ్ళి కూర్చునే దారి వాటికి లేదు. వెన్నులోకి ఎక్కిస్తామనేవాళ్ళూ ఉంటారు. పక్షవాతం తర్వాత వేరు వేరు దేశాల్లో అలా ఎక్కించుకున్న ఒకాయన వెన్నులో గడ్డ పెరిగిన సంగతి 2016లో వైద్యపత్రికలో వచ్చింది. ఆ గడ్డలో పెరుగుతున్నవి చాలావరకు ఆయన సొంత కణాలు కావు, ఎవరివో.

నిజమైన స్టెమ్‌సెల్ పరిశోధన వేరే ఉంది, అది నిజంగా ఆశ పెట్టుకోదగిందే. షిన్యా యమనాకా 2006లో ఎలుక కణాలను, మరుసటి ఏడాది మనిషి కణాలను, పిండదశలోని కణాల వంటి స్థితికి తిప్పి చూపించాడు. 2012లో నోబెల్ వచ్చింది. జపాన్‌లోని క్యోటోలో ఆ పద్ధతితో డోపమైన్ కణాలయ్యే దారిలో ఉన్న కణాలను పెంచి, శస్త్రచికిత్స చేసి 7 మంది రోగుల మెదడులో, సరిగ్గా కావలసిన చోట నాటారు. పిండ మూలకణాల నుంచి పెంచిన కణాలతో ఉత్తర అమెరికాలో 12 మందికి అలాగే చేశారు. రెండింటి ఫలితాలూ 2025లో వచ్చాయి. కణాలు బతికాయి, డోపమైన్ తయారవుతున్న ఆనవాళ్ళు కనిపించాయి, గడ్డలు రాలేదు, కొందరికి కదలిక మెరుగైంది. కానీ అవి ముఖ్యంగా ప్రమాదం ఉందా లేదా అని చూసిన తొలి పరీక్షలు. పోల్చి చూడటానికి చికిత్స అందుకోని జట్టు వాటిలో లేదు.

ఆ పోల్చే జట్టు ఎందుకంత ముఖ్యమో అమ్మగారికి మీరు నెమ్మదిగా వివరించాలి. ఎందుకంటే ఆవిడ ఎదురుచూస్తున్నది ఎవరో ఒకరు బాగుపడ్డారన్న కబురు. పార్కిన్సన్స్‌లో ఆ కబురు నిజంగానే వస్తుంది, చికిత్సలో ఏమీ లేకపోయినా సరే. 2001లో కెనడా పరిశోధకులు రోగులకు ఉత్తుత్తి మందు ఇచ్చి మెదడును స్కాన్ చేశారు. మందు పడిందన్న నమ్మకానికే వాళ్ళ మెదడులో డోపమైన్ విడుదలైంది. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, భ్రమా పడలేదు, ఆ కాసేపు వాళ్ళకు నిజంగానే మేలు జరిగింది. ఆశ అన్నది డోపమైన్ వ్యవస్థ పనే కాబట్టి ఈ జబ్బులో ఈ ప్రభావం ఇంత బలంగా ఉంటుంది. అందువల్ల చాలా డబ్బు పోసి, దూరం ప్రయాణం చేసి, తెల్ల కోటు మనిషి చేతిలో సూది వేయించుకున్న మనిషి వారం తర్వాత చురుగ్గా నడిచాడంటే, అది ఆ సూది గొప్పతనమని ఎలా చెప్పగలం?

ఇదే 2001లో అమెరికాలో 40 మంది మీద జరిగిన పరీక్ష ఫలితం వచ్చింది. సగం మంది మెదడులో పిండ కణాలు నాటారు. మిగతా సగానికి పుర్రెకు రంధ్రాలు మాత్రం చేసి, మెదడును ముట్టకుండా మూసేశారు. ఎవరికి ఏది జరిగిందో రోగులకు చెప్పలేదు. వినడానికి కఠినంగా ఉంటుంది. కానీ అలా చేసినందుకే తెలిసింది, కణాలు బతికినా, తమకు ఎంత మెరుగైందని రోగులు చెప్పినదాన్ని కొలిస్తే రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదని. నాటించుకున్నవాళ్ళలో కొందరికి తర్వాత మందు తగ్గించినా ఆగని వంకర కదలికలు మొదలయ్యాయి. ఆ పరీక్ష లేకుండా ఆ చికిత్స అందరికీ అమ్మి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

క్లినిక్ వాళ్ళను ఒక పరీక్ష పెట్టాలనుకుంటే ఇవి అడగండి: ఇది నమోదైన క్లినికల్ ట్రయలేనా (మనుషుల మీద నియమాల ప్రకారం జరిపే పరీక్ష), నమోదు సంఖ్య ఎంత, ఏ ఎథిక్స్ కమిటీ అనుమతించింది, పోల్చే జట్టు ఉందా, ఈ కణాలు మెదడులో ఎక్కడికి చేరతాయి, ఎలా కనిపెడతారు. పార్కిన్సన్స్‌కూ, ఆటిజానికీ, మోకాళ్ళ నొప్పులకూ ఒకటే సూది వేసేవాళ్ళ దగ్గర వీటికి జవాబుండదు. పరిశోధనలో చేరినందుకు ఆ ప్రయోగ చికిత్స ఖరీదంతా రోగి దగ్గర గుంజుతుంటే అది పరిశోధన కాదు. నిజమైన ట్రయల్‌లో మిమ్మల్ని తిప్పి పంపేసే అవకాశమూ ఉంటుంది. వయసు ఎక్కువనో, జబ్బు ముదిరిందనో వద్దంటారు. వచ్చినవాళ్ళందరినీ చేర్చుకునే చోటును నేను నమ్మను.

మీ తమ్ముడి కోపం నాకు అర్థమవుతుంది. జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బును వర్ణించింది 1817లో. కానీ తర్వాత 140 ఏళ్ళు మెదడులో ఏ రసాయనం తగ్గుతోందో కూడా తెలియదు. స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో ఒక మందు ఎక్కించి కుందేళ్ళను కదలకుండా చేశాడు. చెవులు వాలిపోయి కూలబడిన కుందేళ్ళకు డోపా ఇవ్వగానే లేచి తిరిగాయి. డోపమైన్‌కు మెదడులో సొంత పని ఉందని అప్పటిదాకా చాలామంది నమ్మలేదు. 1960లో వియన్నాలో ఓలె హార్నికీవిచ్, చనిపోయిన రోగుల మెదళ్ళలో డోపమైన్ బాగా తగ్గిపోయిందని కొలిచి చూపించాడు. మరుసటి ఏడాది మంచాన పడ్డ రోగులకు లెవోడోపా సూది వేస్తే కాసేపు లేచి నడిచారు. 1967లో జార్జ్ కొట్‌జియాస్ నోటి ద్వారా కొద్దికొద్దిగా పెంచుకుంటూ ఇచ్చే పద్ధతి నిలబెట్టాడు. అంటే కుందేళ్ళ నుంచి మాత్ర దాకా పదేళ్ళు. మీ నాన్నగారు మామూలుగా తిరిగిన ఆ తొలి ఏళ్ళు వీళ్ళ పని ఫలమే.

అక్కడి నుంచి ముందుకు వెళ్ళడం కష్టమైంది, నిజమే. లోటు పూడ్చడం ఒక పని, కణం చావును ఆపడం వేరే పని. చేతులు వణికి మనం డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికే ఈ కణాల్లో పెద్ద భాగం పోయి ఉంటుంది, కొసలైతే ఇంకా ఎక్కువ. పోయినవాటి చోట కొత్తవి పుట్టవు. నేను పైన చెప్పిన కాల్షియం సంగతి తీసుకోండి. ఆ కాల్షియం ద్వారాన్ని మూసే ఇస్రాడిపిన్ అనే రక్తపోటు మందు అప్పటికే ఉంది. ఎలుకల్లో బాగా పనిచేసింది. 336 మంది రోగులకు 3 ఏళ్ళపాటు ఇచ్చి చూశారు. 2020లో ఫలితం వచ్చింది, జబ్బు వేగం తగ్గలేదు. ఎంతో ఆశ పెట్టుకున్న ఆలోచన అది, నాకు చాలా బాధ కలిగింది. అయితే పనిచేయలేదని ఒప్పుకుని ప్రచురించారు చూడండి, క్లినిక్‌కూ దీనికీ తేడా అక్కడే ఉంది.

కణం లోపలి కీలు సరిగ్గా దొరికినచోట ఫలితం ఎలా ఉంటుందో కూడా తమ్ముడికి చెప్పండి. వెన్నులోని నాడీకణాలు చచ్చిపోయి పసిపిల్లలు కదల్లేకపోయే స్పైనల్ మస్కులర్ అట్రోఫీకి కారణమైన జన్యువు 1995లో దొరికింది. 2016లో నుసినెర్సెన్ అనే మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. ఒకప్పుడు కూర్చోవడం కూడా అసాధ్యమనుకున్న పిల్లల్లో కొందరు కూర్చుంటున్నారు. అక్కడ చెడింది ఒక్క జన్యువు. పార్కిన్సన్స్‌లో ఎక్కువమందికి అలా ఒక్కటే కారణం దొరకదు, అందుకే దారి పొడవైంది.

మీకు వస్తుందా అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఎక్కువ మందిలో ఇది తండ్రి నుంచి బిడ్డకు నేరుగా దిగే జబ్బు కాదు. దగ్గరి బంధువుకు ఉంటే ప్రమాదం కొంచెం పెరుగుతుంది, అంతే. కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి ఉన్నా, చిన్న వయసులోనే వచ్చినా జన్యు పరీక్ష గురించి అడగాలి. నాన్నగారి విషయంలో మీరు అలాంటిదేమీ రాయలేదు. కాబట్టి ఆ భయం పక్కన పెట్టండి.

వచ్చేసారి న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్ళేముందు ఒక వారం పాటు కాగితం మీద రాసి పెట్టండి. మాత్ర ఏ వేళకు వేసుకున్నారు, ఎంతసేపటికి కాళ్ళు తేలికపడ్డాయి, ఎప్పుడు బిగుసుకున్నారు, తిండి ఎప్పుడు తిన్నారు, తనకు తెలియకుండా చేతులూ తలా వంకర్లు తిరిగాయా, రాత్రి నిద్రలో అరిచారా. నడక, సాగదీసే వ్యాయామాలు మాత్ర బాగా పట్టిన గంటల్లో చేయించండి, ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకుంటే ఇంకా మంచిది. కాళ్ళు అతుక్కుపోయినప్పుడు చెయ్యి పట్టి లాగవద్దు, పడిపోతారు. ఒక్క క్షణం ఆగి, ఎదురుగా నేల మీద ఒక గీత ఉందనుకుని దాన్ని దాటమనండి, లేదా ఒకటి, రెండు అని అంకెలు పలకండి. చాలామందికి అడుగు పడుతుంది. డోపమైన్ మీద ఆధారపడ్డ అలవాటు నడకను పక్కన పెట్టి, కావాలని వేసే అడుగుకు మెదడు వేరే దారి వాడుకుంటుంది. ఆ కాగితం డాక్టరు బల్ల మీద పెట్టి, ఆఫ్ గంటలు రోజుకు ఎన్ని అవుతున్నాయో మొదట అదే చెప్పండి.